మా కుమారి జాడ బయటపెట్టవద్దని మనవి

అనకాపల్లి జిల్లా పోలీసు అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పిల్లల ఫోన్లలోని ఆప్‌లు, వారు ఉన్న చోటును పరాయివాళ్లకు చూపకుండా కట్టడి చేయుట గురించి.

బెల్లం మార్కెట్టులో దిమ్మలు మోసే కలాసీ త్రినాధరావు చేసుకొను విన్నపము.

1. మా అమ్మాయి కుమారి ఏడో తరగతి. పాటలు పాడి పెట్టే ఒక ఆప్ ఫోనులో వేసుకున్నది. ఉన్న చోటు చూపవచ్చునా అని అది అడగగా, అనుమతి నొక్కినది నేనే. నూకాలమ్మ జాతరకు తీసుకెళ్లేటప్పుడు పిల్లల అరచేతిలో పేరు, వీధి పెన్నుతో రాస్తాము. తప్పిపోతే ఎవరో ఒక పుణ్యాత్ముడు ఇంటికి చేరుస్తాడని. ఇదీ అలాంటిదే అనుకున్నాను. చూసేవాళ్లందరూ పుణ్యాత్ములే అనుకున్నాను.

2. ఆ ఆప్‌లో కుమారి పాటలు మెచ్చుకున్న ఒక మగమనిషి, నా ఈడువాడు, ఒకనాడు మా వీధి కుళాయి దగ్గర నిలబడినాడు. తరువాత ట్యూషన్ మెట్ల దగ్గర. మేము బుచ్చయ్యపేట పెళ్లికి వెళ్లగా పందిట్లోకే వచ్చి, "కుమారీ, ఇక్కడికొచ్చీసేవేటి? నాకు సెప్పలేదేటి?" అని నవ్వినాడు. పిల్ల నా చొక్కా పట్టుకుని వెనక్కి దాక్కుంది. నేను తేరుకునేలోగా వాడు బండెక్కి పోయినాడు.

3. సదరు ఆప్‌వారికి తెలియజేయగా, "మీ అభిప్రాయానికి ధన్యవాదములు" అని జవాబు వచ్చినది. అభిప్రాయం ఏమిటండీ, అది నా కూతురు!

4. ఆప్ తీసేసినాము. ఫోను కట్టేసినాము. అయినా పిల్ల బడి మానేసింది, కిటికీ తీయనివ్వదు. పాట మాట అటుంచి, గట్టిగా మాట్లాడటమే మానేసింది. ప్రస్తుతం బంధువుల ఇంట దాచినాము. వాడు నా వెనకాలే వస్తాడేమోనని నేనూ వెళ్లడం లేదు. కన్నబిడ్డను చూసుకోలేక, కంచం ముందు కూర్చుని ఏడుస్తున్నానయ్యా.

కావున వాడిని పట్టుకొని, పిల్లల జాడ చెప్పే ఇటువంటి ఆప్‌ల మీద తగు చర్య గైకొనగలందులకు, ఈ తండ్రి గోడు చిత్తగించవలెనని వేడుకొనుచున్నాను.

తమ విధేయుడు,
కుమారి నాన్న త్రినాధరావు

మరొక మనవి: బాధితురాలి చిరునామా లేనిదే అర్జీ చెల్లదని తమ ఆఫీసులో అన్నారు. రాద్దామనే కూర్చున్నాను. ముందుగా బంధువుల ఫోనుకు చేసి పిల్లకు చెప్పినాను. "నాన్నా, కాయితంలో కూడా నేనెక్కడున్నానో సెప్పేత్తావేటి?" అన్నది. అది రాయకుండా వదిలేసినానండి. నేనుండే చోటు రాసుకోండి: బెల్లం మార్కెట్టు, త్రినాధరావు అంటే ఎవరైనా చూపిస్తారు.