తెర మీద కనిపించని బాణం

జూన్ 4

కొత్త తెర వచ్చింది. గోడలో సగం. నా కొడుకు రాజు రాయగడ నుంచి కారులో తెచ్చి, బల్ల మీద నిలబెట్టి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

కంప్యూటర్ మీద కప్పిన కొట్పాడ్ నేత గుడ్డ తీసి మడిచాను. దుమ్ము లేదు. ఆయన పోయి ఏడాది కావస్తోంది, ఎవరు తుడుస్తున్నారో... నేనే అయి ఉంటాను.

ఆన్ చేస్తే అక్షరాలు చీమలు. మౌసు బాణం ఆవగింజ.

జూన్ 5

రాజు ఫోన్.

"ఎందుకమ్మా నీకీ బాధ? నాన్న రాయి ఇంగ్లీషులో సెక్కించీద్దాం. ఫోటో కూడా లేజర్లో వచ్చెత్తాది."

"మీ నాన్న ఇంగ్లీషులో పోలేదురా."

ఫోన్ పెట్టేశాడు.

కొరాపుట్‌లో మన తెలుగువాళ్ళు ఎవరు పోయినా సమాధి రాతి మీద అక్షరాలు పేర్చింది ఆయనే. మాచ్‌ఖండ్ కరెంటు ప్రాజెక్టులో ఉద్యోగం ఉన్నప్పుడూ అంతే, రిటైరయ్యాక మరీనూ. ఆ అక్షరాలు పేర్చే కంప్యూటర్ ఇదే. ఇప్పుడు ఆయన రాయి. జూలై మొదటి ఆదివారం జ్ఞాపకార్థ కూడిక — ఆలోగా రాయి నిలబడాలి. తెలుగులో. ఆయన అక్షరాల్లో. తప్పు లేకుండా. నేను చేస్తానని అందరి ముందూ అనేశాను.

అన్నప్పుడు ఏమీ అనిపించలేదు. ఇప్పుడూ ఏమీ అనిపించడం లేదు.

జూన్ 7

గ్రేసి ఫోన్ చేసింది. రాజు కూతురు, రాయగడలో నర్సు. డ్యూటీకీ డ్యూటీకీ మధ్య నాకు వైద్యం.

"మామ్మా, సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే తెరు. స్కేల్ అని ఉంటాది. వంద ఉంటాది గదా, రెండొందలు సెయ్యి."

చేశాను. మార్పు ఉంచనా వద్దా అని కంప్యూటర్ అడుగుతుంది. నేను కళ్ళజోడు సవరించుకుని ఆ ప్రశ్న చదివేలోపు తనే విసిగి పాత సైజుకి వెళ్ళిపోతుంది. ముప్ఫై ఏళ్ళు హెడ్మిస్ట్రెస్‌గా చేశాను, ఇంత తొందరపడే ఇన్‌స్పెక్టర్‌ని చూడలేదు.

మళ్ళీ మళ్ళీ చేసి చివరికి పట్టుకున్నాను. రెండు వందలు. ఇప్పుడు అక్షరాలు ఏనుగులు. సేవ్ చేసే బటన్ తెర అడుగున ఎక్కడో, భూమి లోపల.

జూన్ 8

వాన. కరెంటు లేదు. మంచిది.

జూన్ 10

వందకీ రెండు వందలకీ మధ్య సైజులు కూడా ఉంటాయట. అవి రావాలంటే ఇంకో మీట వేయాలి. వేశాను. నూట యాభై.

మెనూలు బాగున్నాయి. ఆయన తెలుగు టైపు చేసే సాఫ్ట్‌వేర్ తెరిస్తే మాత్రం అంతా మసక — కంటి ఆపరేషన్‌కి ముందు రోజుల్లాగా. పైగా బాణం తెర మీద ఒక కిటికీలో ఈగ, పక్క కిటికీలోకి జరిపితే కాకి.

"ఆ సాఫ్ట్‌వేర్ పాతది మామ్మా. ఈ కొత్త సైజులు దానికి తెలీవు. సిన్నగా గీస్తాది, కంప్యూటర్ దాన్ని పట్టుకుని సాగదీస్తాది. అందుకే మసక."

"నాలాగే అన్నమాట."

"నిన్నెవలు సాగదీసేరు?"

"మీరంతా."

నవ్వింది. వేరే దాంట్లో టైపు చెయ్యమంది. వద్దన్నాను. అవే అక్షరాలు కావాలి. ఆ సమాధుల తోటలో వరసగా ఉన్న రాళ్ళన్నీ ఒకే చేతి రాతలా ఉంటాయి. ఆయనది వేరేగా ఉండకూడదు.

జూన్ 12

లాగవుట్. పాస్‌వర్డ్ అడిగే చోట కింద మూల చిన్న చక్రం ఉంది, నొక్కితే తెరని నడిపే పద్ధతులు రెండు, రెండు పేర్లతో. కొత్తదాని పేరు వేలాండ్. ఏదో దేశం పేరులా ఉంది, వీసా అడగలేదు. గ్రేసి పాతదానిలోకి వెళ్ళమంది, మసక పోతుందట.

వెళ్ళాను. అక్షరాలు అద్దంలా ఉన్నాయి! ఆయన 'మ' లో ఆ చిన్న వంపు కూడా...

బాణం లేదు.

"మౌసు ఊపు మామ్మా."

"ఊపుతున్నాను."

"గట్టిగా ఊపు."

"ఇంకా ఊపితే నేను కింద పడతాను."

నూట యాభై తీసేస్తే బాణం వస్తుంది, అక్షరాలు చీమలు. నూట యాభై పెడితే అక్షరాలు వస్తాయి, బాణం పోతుంది. రెండూ కలిసి ఉండవు. కొన్ని కాపురాలు చూశాను ఇలాంటివి.

జూన్ 13

బాణం లేకుండానే పని. ట్యాబ్, ఎంటర్, పై కీ, కింది కీ. టైపు మిషను మీద నేర్చిన వేళ్ళు ఇవి, ఒకరు చూపించాలా.

మధ్యాహ్నం అన్నం తిన్నానో లేదో గుర్తులేదు. గిన్నె కడిగి ఉంది. తినే ఉంటాను.

జూన్ 14

"నీ స్క్రీన్ ఫోటో తీసి పంపు మామ్మా, సూస్తాను. ప్రింట్ స్క్రీన్ నొక్కు. తరవాత పి నొక్కీ. అప్పుడు కర్సర్ కూడా ఫోటోలో వస్తాది, ఉంటే."

నొక్కాను. పంపాను.

"ఉంది గదా! నడిమధ్యన ఉంది, సూడు."

ఫోన్‌లో చూశాను. నిజమే, తెర మీద లేని బాణం ఫోటోలో నిక్షేపంగా ఉంది. తల ఎడమకి ఎత్తి, తోక కుడికి దించి.

"కంప్యూటర్‌కి తెలుసు మామ్మా అది ఎక్కడుందో. తెరకే సూపించట్లేదు, అంతే. సెలవు దొరికితే వచ్చి సూస్తాను."

ఫోటోలో మాత్రమే ఉండేవాళ్ళ సంగతి నాకేం కొత్త కాదు. హాల్లో ఒకరున్నారు, దండతో.

జూన్ 17

పేర్చడం అయింది. ఆయన పేరు. పుట్టిన ఊరు. మాచ్‌ఖండ్ పేరు. వాక్యం ఏదీ పెట్టలేదు. వాక్యాలు నాకు వచ్చు, ఆయనకి అక్కర్లేదు.

కింది సగం ఖాళీ. అది నాకు. అందరి రాళ్ళకీ ఆయన అలాగే వదిలేవారు — ఒకరు ముందు వస్తే, రెండోవాళ్ళకి చోటు.

పేరు టైపు చేస్తే హాజరు పట్టీలో పేరు రాసినట్టే ఉంది.

జూన్ 18

పంపించాను.

రాయి చెక్కే మహారాణా రాయగడలో ఉంటాడు. తెలుగు మాట్లాడతాడు కానీ చదవలేడు. మనం పంపింది పెద్దది చేయించి, రాతికి అంటించి, గీతల వెంట ఉలి వేస్తాడు. మా ఆయన పద్ధతి: ఫైలు పంపకూడదు, అవతలివాడి ఫోన్‌లో తెలుగు విరిగి చదరాలు చదరాలుగా కనిపిస్తుంది. తెరని బొమ్మ తీసి, ఆ బొమ్మ పంపాలి. అలాగే చేశాను. ఆయన ఉన్నప్పుడైతే వెళ్ళి పక్కన నిలబడేవారు కూడా. నా మోకాళ్ళు రాయగడ దాకా రావు.

పంపేముందు ఫోన్‌లో పేరు సరిచూశాను. ఒత్తులు, దీర్ఘాలు, అన్నీ. రెండుసార్లు. ఖాళీలో ఏం చూస్తాను?

మహారాణా మాట పంపాడు, నన్ను ఒడియాలో పిన్నీ అని పిలుస్తూ: "మిలిగలా మావుసీ, బొమ్మ అందింది. అంతా బాగా కనపడతంది. కూడిక ఆదివారానికి ముందే రాయి మీ ఊరు దింపీస్తాను."

జూన్ 21

చర్చి. అయ్యగారు గుమ్మం దగ్గర చెయ్యి పట్టుకున్నారు. "చాలా ధైర్యంగా ఉన్నారమ్మా."

"ధైర్యం కాదయ్యగారూ. తిమ్మిరి."

చెప్పులు వేసుకుని వచ్చేశాను.

జూన్ 23

గ్రేసి వచ్చింది. సంచి దించి, కాళ్ళు కడక్కుండానే కంప్యూటర్ ముందు కూర్చుంది. స్కేల్ మళ్ళీ వందకి తెచ్చింది. వేరేచోటుకి పోయి అక్షరాల సైజు ఒక్కటే పెంచింది. ఇంకో చోట బాణం సైజు పెంచింది. అంతే. అక్షరాలు తేటగా ఉన్నాయి, బాణం ఉంది, అన్ని కిటికీల్లోనూ ఒకటే సైజు.

"ఇదేదో ముందే చెప్పొచ్చు కదే అమ్మీ."

"నాకేటి తెల్సు, నిన్నే సదివేను."

వెళ్ళేముందు హాల్లో ఫోటో దగ్గర నిలబడి ఏడ్చింది. నేను దానికి రాగి పిండి మూట కట్టాను. ఎవరి పని వాళ్ళది.

జూన్ 26

మహారాణా నాకూ రాజుకీ ఫోటో పెట్టాడు. రాయి అయిపోయింది. చూడబోతుంటే రాజు ఫోన్.

"అమ్మా, కింద ఆ బాణం ఏటి?"

"ఏ బాణం?"

"సూడలేదేటి నువ్వు? నీ సోటులో!"

చూశాను. రెండు వేళ్ళతో పెద్దది చేసి చూశాను.

పైన ఆయన పేరు. ఎంత అందంగా వచ్చిందో. కింద నాకు వదిలిన ఖాళీలో, కొంచెం కుడివైపుగా, బాణం. మౌసు బాణం. తోకతో సహా. ఆ రోజు నా తెర మీద కనిపించనిది. గ్రేసి కోసం పి నొక్కాను, మళ్ళీ తీయలేదు, అది అలాగే ఉండిపోయింది. ఫోటోలో పడింది. ఫోటోలోంచి రాతిలోకి.

నల్లరాతిలో గోరంత లోతు. అంచులు నున్నగా. మొన పైకి, ఎడమకి — ఆయన పేరు వైపు.

నవ్వు వస్తుందనుకున్నాను. ముక్కులోంచి గాలి మాత్రం వచ్చింది.

జూన్ 27

మహారాణాకి ఫోన్ చేశాను. తిడదామనే.

"అదేమిటయ్యా, అడగాలి కదా?"

"అడగడమేటి మావుసీ? మీరు పంపిందే గదా. మీలో సిలవ పెడతారు, ఆకు పెడతారు, పావురం పెడతారు. సారు కోసం బాణం పెట్టేరనుకున్నాను."

"అది కంప్యూటర్‌దయ్యా. అక్షరం కాదు, గుర్తు కాదు, ఏమీ కాదు."

"నాకు ఎలగ తెలస్తాది? నాకు సదవడం రాదు గదా. సారు ముందే సెప్పీసేరు — మహారాణా, నువ్వు ఆలోసించకు. కనపడిందంతా సెక్కు. ఒక్క గీత వదలకు, ఒక్క సుక్క వదలకు. ఒకపాలి ఎవరిదో రాయి మీద సిన్న గీత వదిలీసేను. రాయి మొత్తం మళ్ళా కొట్టించేరు. అన్నం కూడా తిననియ్యలేదు. అప్పట్నుంచి మావుసీ, నాను ఒక్కటీ వదల్ను."

నాకు తిట్టడానికి ఏమీ మిగల్లేదు. తిట్టాల్సినాయన హాల్లో దండ వేసుకుని ఉన్నారు.

"సారు సూస్తే బాగుందంటారు," అన్నాడు. "బాణం తీరు బాగా వచ్చింది."

జూన్ 28

రాజు వచ్చాడు. చర్చికి రాలేదు, నేరుగా ఇంటికి. కూర్చోలేదు.

"సిమెంటు పెట్టి పూడిస్తే తెల్లగా మచ్చ పడతాదంట. మహారాణాని అడిగేను. పైపొర మొత్తం అరగదీసి, మళ్ళా కొత్తగా సెక్కాల. రేపు మధ్యాన్నంలోగా బొమ్మ పంపితే ఆదివారానికి అవుతాది. దాటితే అవదు."

"సరే."

"సరేనంటే? పంపుతావా?"

"బాణం బాగానే ఉందిరా."

"అమ్మా! నాన్నది! ఒకడి రాతి మీద గీత తక్కువైతే ఊరుకోలేదు నాన్న. తన రాతి మీద మౌసు బాణం ఉంటే ఊరుకుంటాడేటి? వచ్చినోళ్ళందరూ అడుగుతారు. ఏటి సెప్తాం?"

నిజమే. ఊరుకోరు. అందులో అనుమానం లేదు. ముందు మహారాణా మీద, తరవాత నా మీద, చివరికి ఈ కంప్యూటర్‌లో తను ఎక్కించుకున్న లినక్స్ మీద పడేవారు. లినక్స్ మీద మాత్రం కాసేపే. దాని తప్పు ఎప్పుడూ ఉండదు ఆయన దృష్టిలో.

అయితే మహారాణా చేసింది ఆయన చెప్పిందే. ఒక్క చుక్క వదలకుండా. రాజుకి ఇది చెప్పబోయాను. వాడి ముఖం చూసి మానేశాను. వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏడాదిలో వాడూ ఎప్పుడు ఏడ్చాడో నేను చూడలేదు.

"తిని వెళ్ళు" అన్నాను. తిన్నాడు. ఆయన కుర్చీలో కూర్చుని తిన్నాడు, గమనించలేదు.

జూన్ 29, ఉదయం

కొత్త బొమ్మ తయారు. ఈసారి పి నొక్కి బాణం తీసేశాను. ఫోన్‌లో తెరిచి, పేరు చూశాను, ఖాళీ కూడా చూశాను. మూల మూలా చూశాను. ఖాళీగానే ఉంది. ఏ తప్పూ లేదు. ఫోన్‌లో మహారాణా పేరు కింద జతచేసి పెట్టాను. పంపడం ఒక్కటే మిగిలింది.

పంపలేదు.

గ్రేసి ఫోన్: "నాన్న సెప్పేడు. నావల్లే గదా మామ్మా? నానే పి నొక్కమన్నాను." డ్యూటీలో ఉంది, గొంతు చిన్నగా.

"నీవల్ల కాదే. నువ్వు చూపించమన్నావు. నేను చూపించాను."

"మరి ఏటి సేస్తావు?"

"నీకెలా ఉంది, ఆ బాణం?"

వెనక ఎవరో సిస్టర్ సిస్టర్ అని పిలుస్తున్నారు. "సెప్తే తిడతావు" అని పెట్టేసింది.

మధ్యాహ్నం

మహారాణా ఫోన్. ఎత్తాను.

"మావుసీ, అరగదీసే మిషను తెప్పించేను. రాయి బల్ల మీద పెట్టీసేను. ఏటి సెయ్యమంటారు?"

"ఉండవయ్యా."

"ఉంటాను. కొంచెం బేగి సెప్పండి. కుర్రోళ్ళు కూసున్నారు."

ఫోన్ పెట్టలేదు. వాడూ పెట్టలేదు. అవతల మిషను ఒకసారి తిరిగి ఆగింది, ఎవరో పరీక్షించినట్టు. ఆ చప్పుడుకి లోపల ఎక్కడో... చెయ్యి మొద్దుబారి మళ్ళీ రక్తం పారేటప్పుడు ఉండే నొప్పి లాంటిది. ఏడాదిలో మొదటిసారి. బల్ల పట్టుకున్నాను.

"మావుసీ? ఉన్నారా?"

"ఉన్నాను."

"తిప్పమంటారా?"

చెవి దగ్గర నుంచి ఫోన్ దించి, రాయి ఫోటో తెరిచాను. పెద్దది చేశాను. చిన్నది చేశాను. మళ్ళీ పెద్దది... పంపని కొత్త బొమ్మ పక్కనే ఉంది, దాని జోలికి వేలు పోలేదు. వాడు "మావుసీ, మావుసీ" అంటున్నాడు.