చేదుగడ్డల పిండి

ఐనవోలు,
మే 1973

అక్కా,

ఈసారి క్షేమమని రాయలేను. గుండె గట్టి చేసుకుని చదువు, చదివాక చింపెయ్యి. మొన్న మంగళవారం అమ్మ పోయింది.

ఏటూరునాగారం అడవి నుంచి నువ్వు బస్సులో పంపిన చేదుగడ్డలు అందాయి. ముక్కలు కోసి, వాటిలోని విషం పోయేలా మూడు రోజులు పారే నీళ్లలో ఉంచి, ఎండబెట్టి పిండి కొట్టాలని చెప్పి పంపావు. మీకు వాగుంది. ఇక్కడ బావి ఎండింది. రెండు మైళ్లు నడిచి చెలమ తోడితే రోజుకు రెండు బిందెలు. ఆ నీళ్లే గోలెంలో పోసి ముక్కలు వేశాను. మూడు రోజులూ అవే నీళ్లు. నానితే చాలనుకున్నాను. నీళ్లు మార్చమని నా భార్య పూలమ్మ పోరుతూనే ఉంది. "తాగనీకే లేవు, పారబోస్తవా?" అని కసిరాను.

ఆ పిండితో అంబలి కాచాం. పిల్లలు గిన్నెలు పట్టుకుని కూర్చుంటే అమ్మ అడ్డుపడింది. "ముందుగాల నేను తాగుత. నాకేం గాకుంటే రేపు పిల్లలకు పోయుండ్రి" అంది. పొద్దుగూకేలోపు వాంతులు పట్టుకున్నాయి. వరంగల్ దవాఖానకు తీసుకుపోదామని బండి కట్టేసరికే ప్రాణం పోయింది.

నీ తప్పేం లేదక్కా. నువ్వు సరిగ్గానే చెప్పావు.

దంచని ముక్కలు ఇంకా సగం మూట ఉన్నాయి. మీ వాగు ఇంకా పారుతోందా? వెంటనే జవాబు రాయి, మూట తీసుకుని వస్తాను. అమ్మ దినాలకు వండడానికి ఇంట్లో అవి తప్ప ఏమీ లేవు.

నీ తమ్ముడు