చదవని చివరి పేజీలు

చెల్లాయీ,

నన్ను ముప్పై ఏళ్లు మోసం చేసింది నువ్వే. ఆ ఓడ హత్యల నవల నాకంటే ముందు చదవాలని చివరి పేజీలు చింపి దాచావు. అడిగితే, హంతకుడు బాయిలర్‌లో బొగ్గు వేసేవాడేనన్నావు. నమ్మాను.

పోయిన నెల రేవు కార్మికుల గ్రంథాలయం సభలో, శ్రామికుణ్ణి హంతకుణ్ణి చేసిన ఈ పుస్తకం ఇక్కడ ఉండకూడదని గంటసేపు గొంతు చించుకున్నాను. ఓడల్లో వంట చేసి రిటైరైన ముసలాయన లేచాడు.

"అయ్యా, తమరు ఆఖరిదాకా చదివారా? చంపింది కెప్టెనండీ. మా బొగ్గువాడేగా అందర్నీ ఒడ్డుకు చేర్చింది! వాణ్ణి తమరు ఉరి తీసేశారేంటి?"

హాలంతా గొల్లున నవ్వింది. తప్పు నీ మీదికి నెట్టబోయి మానుకున్నాను. చదవకుండా తీర్పు చెప్పింది నేనే కదా! కమిటీవాళ్లు నా పరువు కోసం పుస్తకాన్ని నిజంగానే తీసేశారు. ఏటా దాన్ని చదువుకునే ఆ ముసలాయన గ్రంథాలయానికి రావడమే మానేశాడు. ఆదివారం ఆయనింటికి వెళ్లి క్షమాపణ అడుగుతాను. పుస్తకం మళ్లీ బీరువాలో పెట్టేదాకా నేను వేదిక ఎక్కను.

అమ్మ మోకాలు ఎలా ఉంది? బావగారికి నమస్కారాలు, పాపకు ముద్దులు.

ఆ పేజీలుంటే పంపు.
అమ్మను డాక్టరుకు చూపించు.
ఈ కార్డు పోస్ట్‌మన్ ఎలాగూ చదివేసి ఉంటాడు, నాన్నకు మాత్రం చూపించకు.
నన్ను ఓదారుస్తూ జవాబు రాయకు.

అన్నయ్య