ఇక్కడే, ఆ మలుపు దాటితే

నివార్దో,

ఈ ఉత్తరం అందగానే లామాలను పక్కవాళ్ళకు అప్పగించి, గుర్రంతో కనుమకు బయలుదేరు. నిన్న ఉదయం ఏడింటికి మన సత్రం నుంచి ఇద్దరు విదేశీ అమ్మాయిలు వేడినీటి బుగ్గలకు నడిచి వెళ్ళారు. సాయంత్రానికి వస్తామన్నవాళ్ళు ఇంకా రాలేదు. ఔసంగాతే కొండ మీద మంచు కురుస్తూనే ఉంది.

"ఎంత దూరం మామ్మగారూ?" అని పెద్దమ్మాయి అడిగింది.

"ఇక్కడే తల్లీ, ఆ మలుపు దాటితే" అన్నాను. నడిచేవాళ్ళు నీరసపడకూడదని మనం ఎవరికైనా అలాగే చెబుతాం.

"అయితే ఈ గాడిద బరువు ఎందుకే?" అని చిన్నది నవ్వి, గుడారం, దుప్పట్లు నా వాకిట్లోనే దింపేసింది.

ముప్పై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పాను. బుగ్గలకు ఇరవై మూడు కిలోమీటర్లని నాకు తెలుసు.

దుప్పట్లు, చలికి నమలడానికి కోకా ఆకు దీంతో పంపుతున్నాను. వాళ్ళు కనబడి, ఇంకెంత దూరమని అడిగితే, ఉన్నది ఉన్నట్టు చెప్పు.

మీ మామ్మ