బ్లాస్టింగ్ అనుకున్నాను

బండ్రి, బుధవారం రాత్రి

జపాన్ నుంచి వచ్చి పది రోజులైంది. ఇవాళ మధ్యాహ్నం అక్క నడిపే అంగన్‌వాడీకి వెళ్ళాను. ఊరి పక్క గనిలో బ్లాస్టింగ్ జరిగి కిటికీలు గడగడలాడాయి. పిల్లలు అలవాటుగా చప్పట్లు కొట్టారు. నేను మాత్రం పరుగున పోయి తలుపు తెరిచి, దూరడానికి బల్ల కోసం వెతికాను.

"ఏందే, కొత్తదాని మాదిరి చేస్తాండావు?" అని అక్క నవ్వింది.

జీన్స్ కుట్టే ట్రైనింగ్‌కని జపాన్‌కు వెళ్ళిన మొదటి వారం, భోజనం దగ్గర గిన్నెలు కదిలాయి. బ్లాస్టింగ్ అనుకుని తింటూనే ఉన్నాను. హాస్టల్ చూసుకునే పెద్దావిడ, తలుపు బిగుసుకుపోకుండా ముందు దాన్ని తెరిచి, తర్వాత నన్ను బల్ల కిందికి లాగింది. కదలడం ఆగేదాకా నా తల మీంచి చెయ్యి తియ్యలేదు. అంతా ఆగాక, పగిలిన కప్పు ముక్కలను కాగితంలో చుట్టి, చెత్త తీసేవాళ్ళ చేతులు తెగకుండా పైన ఏదో రాసి పెట్టింది. డెబ్బై ఏళ్ళు దాటినా ఆమెకు భూకంపం అలవాటు కాలేదు.

మాకు బ్లాస్టింగ్ అలవాటైపోయింది.

అంగన్‌వాడీ గోడ బీటలో ఇవాళ నా చిటికెన వేలు దూరింది. నేను జపాన్‌కు పోయే ముందు గోరు కూడా దూరేది కాదు.

"ఒక్క బల్లయినా తెప్పించక్కా," అన్నాను.

"యాడ పెట్టేది? పిల్లోళ్ళు పండుకునేకే జాగా లేదు."

రేపూ బ్లాస్టింగ్ ఉంది. అన్నం తిన్నాక పిల్లలు ఆ గోడ పక్కనే పడుకుంటారు.