అక్కని పంపండి

మార్చి 4, పొద్దున

అందరూ కులాసానా. అబ్బాయి నడుం నొప్పి ఎలా ఉంది, బస్తాలు ఎత్తొద్దని చెప్పానా లేదా. కోడలి తలనొప్పి తగ్గిందా. మనవరాలి దగ్గు పొడి దగ్గా, కఫం పడుతోందా. దొరసాని పొద్దున్నించీ తుమ్ముతోంది, దానికేమొచ్చింది.

రాయడమంటే నాకు ఉత్తరం రాయడమే వచ్చు. అందుకే ఇలా మొదలెట్టాను. ఇది ఎవరికీ కాదు. రోజంతా కంగారుపడి మా ప్రాణాలు తోడేస్తున్నావు నానమ్మా, ఆ కంగారంతా ఇందులో రాసుకుని మమ్మల్ని వదిలెయ్ అని మనవరాలు ఈ డైరీ ఇచ్చింది. అది కాలేజీలో చదువుతోంది. నాది ఐదో తరగతి, అదీ సగమే.

దొరసాని అంటే మా కొట్లో పిల్లి. ఒళ్ళంతా తెలుపు, ఒక చెవి నలుపు. పగలంతా పంచదార బస్తా మీద పడుకుంటుంది. దాన్ని లేపడానికి మొహమాటపడి జనం పంచదార మానేసి ఉప్పు కొనుక్కుపోతున్నారని అబ్బాయి గొణుగుతాడు. చీకటి పడేవేళకి లేచి ఒళ్ళు విరుచుకుని రోడ్డు దాటి ఎదురు మూల కొట్టుకి పోతుంది. రాత్రి భోజనం, పడక అక్కడే.

ఎదురు కొట్టు నా చెల్లెలిది. దాని ఆరోగ్యం నేను అడగలేదు. మేం మాట్లాడుకోం.

మార్చి 6

ఎందుకు మాట్లాడుకోమో ఎవరికైనా చెబితే నవ్వుతారు. ఎలుకలు. నిండా జనం ఉన్నప్పుడు, మా అక్క కొట్లో పప్పు చెరిగి చూసుకుని కొనండి, ఎలుకలు తిరుగుతున్నాయి అంది అది. నవ్వుతూనే అందట. నాకు తల తీసేసినట్టయింది. ఎలుకలు దాని కొట్లో మాత్రం లేవా. అప్పుడు మూసుకున్న నోళ్ళు ఇద్దరివీ ఇంకా తెరుచుకోలేదు. ఆ తరవాతే ఎక్కడినించో ఈ పిల్లి వచ్చి రెండు కొట్లలోనూ ఎలుకల్ని పట్టింది. ఎలుకలు పోయాయి, మాటలు రాలేదు.

పొద్దున పిల్లి రాగానే వాసన చూస్తాను. బామ్ వాసన వస్తే చెల్లెలికి తల నొప్పెట్టిందన్నమాట. పౌడరు వాసన వస్తే ఎక్కడికో వెళ్ళొచ్చిందన్నమాట. పిల్లిని వాసన చూసే ముసలమ్మని ఇక్కడే చూశానని కోడలు అంటుంది. అననీ.

మార్చి 9, సాయంత్రం ఏడింటికి

రోజూ ఈ వేళకి వెనక గదిలో ఉంటాను. ఇవాళ కోడలు డెంటిస్టు దగ్గరికి పోయిందని ముందు కూర్చున్నాను. ఎదురుగా షట్టర్ దగ్గరినించి గొంతు. అక్కా, ఎక్కడున్నావే, తిన్నావా, రావే అక్కా అని. చెల్లెలి గొంతే. నన్ను అక్కా అనేది ఈ భూమ్మీద అదొక్కతే. కొంగు సర్దుకుని మెట్టు దిగాను. చెప్పులు కూడా వేసుకోలేదు.

నా కాళ్ళ పక్కనించి దొరసాని రోడ్డు దాటి పరిగెత్తింది. వచ్చావా అక్కా అని చెల్లెలు పిల్లిని ఎత్తుకుని లోపలికి పోయింది. నన్ను చూడలేదు.

మెట్టు ఎక్కి వచ్చి కూర్చున్నాను. ఎవరైనా చూశారేమోనని ఒకటే దిగులు.

మార్చి 10

పాలబ్బాయిని అడిగాను. అబ్బాయంటారు గానీ జుట్టంతా నెరిసింది. మొదటినించీ అక్కడ పిల్లి పేరు అక్కేనట. వీధంతా తెలుసట. మీకు తెలిస్తే బాధపడతారని ఎవరూ చెప్పలేదు బామ్మగారూ అన్నాడు. నవ్వు ఆపుకుంటూ అన్నాడు.

చూశారా చెల్లెలి పొగరు. రెండిళ్ళలో తిని బస్తా మీద దొర్లే జంతువుకి నా వరస పెట్టింది.

మార్చి 11

దొరసానికి ఇవాళ పాలు పొయ్యలేదు. తరవాత పోశాను.

మార్చి 15, పొద్దున

పిల్లి ఆకలితో వచ్చింది. గిన్నె నాకి నాకి బోర్లా పడేసింది. ఒంటికి ఏ వాసనా లేదు. ఎదురు షట్టర్ సగమే ఎత్తి ఉంది. లోపల చెల్లెలు కాదు, దాని అల్లుడు, ఊరినించి వచ్చినట్టున్నాడు.

పడి ఉంటుందా. బాత్రూంలోనా. బీపీ మాత్ర మానేసిందా. దానికి చిన్నప్పటినించీ మందంటే ఎలర్జీ, నాలిక కింద పెట్టుకుని గోడవతల ఉమ్మేసేది. ముద్ద దిగడం లేదు.

మార్చి 16

ఒక ఉప్పు ప్యాకెట్టు కొనుక్కురమ్మని కోడల్ని ఎదురు కొట్టుకి పంపాను. మన కొట్లో ఉప్పు పెట్టుకుని వాళ్ళ కొట్లో ఉప్పు కొనాలా అత్తయ్యా, నవ్విపోతారు అంది. అయినా వెళ్ళింది, మంచి పిల్ల. ఆ అల్లుడు చిల్లర చేతిలో పెట్టాడు గానీ ఒక్క ముక్క చెప్పలేదట. కళ్ళు ఎర్రగా ఉన్నాయట.

మార్చి 16, సాయంత్రం

పక్షవాతం. ఆసుపత్రిలో ఉంది. పాలబ్బాయి చెప్పాడు. ఈసారి నవ్వలేదు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయట. మాట పోయిందట.

మార్చి 18

మాట మొత్తం పోలేదట. ఒక్కటి మిగిలిందట. పొద్దున్నించి సాయంత్రం దాకా ఆ ఒక్క మాటే అంటోందట.

అక్క.

నర్సు, అక్కెవరండీ పిలిపించండి అందట. పిల్లండీ అన్నాడట అల్లుడు. వార్డంతా నవ్వారట.

మార్చి 22

చెల్లెల్ని ఇంటికి తెచ్చారు. కొట్టు మీది గదిలో, కిటికీ పక్కన మంచం వేశారు. తెర అటూ ఇటూ కదలడం ఇక్కడినించి కనిపిస్తోంది.

మధ్యాహ్నం దాని అల్లుడు మా కొట్టు మెట్టు మీదికి వచ్చాడు. ఎన్నేళ్ళకో. నా వైపు చూడలేదు, మా అబ్బాయితో అన్నాడు. అత్తయ్య అక్క కోసం కలవరిస్తోంది, ఓసారి తీసుకెళ్తాను అని. నేను స్టూలు మీదనించి సగం లేచాను. గోడ పట్టుకుని లేచాను కూడా. అతను నన్ను దాటుకుని వెళ్ళి, పంచదార బస్తా మీదనించి పిల్లిని ఎత్తి బుట్టలో పెట్టుకున్నాడు.

నడుం పట్టేసినట్టు నటించి మళ్ళీ కూర్చున్నాను. మనవరాలు చూసింది.

మార్చి 24

పాలబ్బాయి చెప్పింది చెప్పినట్టు రాస్తాను. ఒక్క ముక్క కూడా పోకూడదు.

పిల్లిని తెచ్చి చెల్లెలి గుండెల మీద పెట్టారట. చెల్లెలు ఎడం చేత్తో పక్కకి తోసేసిందట. మళ్ళీ అక్క అందట. సరిగ్గా కనపడలేదేమోనని ఇంకా దగ్గరగా, మొహం మీదికి పట్టారట. మళ్ళీ తోసిందట. పిల్లికి చిరాకేసి అల్లుడి ముక్కు గీరి మంచం కిందికి దూరిందట. చెల్లెలు కిటికీ వైపు తల తిప్పి అక్క, అక్క అంటూ ఏడ్చిందట. పిల్లి కాళ్ళ దగ్గరే ఉన్నా పిల్లి కావాలని ఏడుస్తోంది, మతి పోయింది పాపం అని అల్లుడు నుదురు కొట్టుకున్నాడట.

కిటికీలోంచి ఏం కనిపిస్తుందని పాలబ్బాయిని అడిగాను. ఏముంటుంది బామ్మగారూ, మీ కొట్టే అన్నాడు.

మార్చి 24, నాలుగింటికి

ఒకవేళ పిల్లే కావాలేమో. ఎలా పట్టుకోవాలో తెలియక తలకిందులుగా పట్టుకుని ఉంటారు, అందుకే తోసిందేమో. కిటికీ వైపు చూసింది గాలి కోసమేమో. నేను చేతులూపుకుంటూ వెళ్ళి గుమ్మంలో నిలబడితే, నన్ను చూసి మొహం తిప్పుకుంటే. కోపం వస్తే బీపీ పెరుగుతుంది. పెరిగి ఏదైనా అయితే నేనే దాన్ని చంపినట్టు.

ఇంట్లో చెప్పాను. వాళ్ళు అడిగింది పిల్లినమ్మా, నువ్వెళ్ళి ఏమంటావు, పిల్లి బదులు వచ్చానంటావా అన్నాడు అబ్బాయి. కోడలు, వాళ్ళు తలుపేసేస్తే మనందరికీ చిన్నతనం అంది. అదీ నిజమే. మనవరాలు మాత్రం ఒకటే అడిగింది. ఆ పేరు వాళ్ళు ఎప్పుడు పెట్టారు నానమ్మా, మీరు మాటలు మానక ముందా, తరవాతా అని.

తరవాతే. పిల్లి వచ్చిందే తరవాత.

జవాబు చెప్పి వెనక గదిలోకి పోయాను. చిన్నప్పుడు బడికి వెళ్తుంటే చెల్లెలు వందసార్లు పిలిచేది. అక్కా చెప్పు తెగింది, అక్కా కుక్క, అక్కా ఆగు. విసుగొచ్చి నీకు ఇంకో మాట రాదా అనేదాన్ని. ఇంతకాలం ఆ మాట ఎవరితో అనుకుంటుంది. పిల్లితో అనుకుంది.

మార్చి 25, మధ్యాహ్నం

చెల్లెలి కూతురు వచ్చింది. మెట్టు మీదే నిలబడింది. చిక్కిపోయింది, కళ్ళ కింద నల్లగా. పిల్లి మీ దగ్గరికే పారిపోయి వచ్చింది కదా, శుక్రవారం పొద్దున అక్కని మళ్ళీ పంపండి అని మా అబ్బాయితో అంది. శనివారం అమ్మని నా వెంట మా ఊరికి తీసుకుపోతున్నాను, కొట్టు మూసేస్తున్నాం అంది. పక్షవాతం ఇంకోసారి వస్తే తట్టుకోలేదన్నాడట డాక్టరు.

నన్నయితే పెద్దమ్మ అంటుంది. అక్క అందంటే పిల్లినే. తెలుసు.

కూతురు చెప్పేది కూతురి మాట. చెల్లెలి మాట కాదు.

పెద్దమ్మా నువ్వు తిన్నావా అని వెళ్ళబోతూ అడిగింది. తిన్నానన్నాను. తినలేదు.

మార్చి 26

కోడలు బుట్ట కడిగి ఎండలో పెట్టింది. దొరసాని బస్తా మీద నిద్రపోతోంది. రేపు దాన్ని ఎవరూ లేపొద్దని చెప్పాను. చెప్పులు తుడుచుకున్నాను.

అక్కని పంపమన్నారు.

మార్చి 27, శుక్రవారం, పొద్దున పది గంటలకి

చెప్పులు వేసుకుని మెట్టు దిగుతున్నాను.