ఏసురత్నం విమానాల పంపకం

హిందూపురం పట్టణంలో సొంత ఇంట్లో ఉంటూ, ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైన ప్రేమలత అనే నేను, కీర్తిశేషులు ఏసురత్నం గారి భార్యను, నా అరవై తొమ్మిదో ఏట, నా బుద్ధి పూర్తిగా నా స్వాధీనంలో ఉండగా, ఎవరి బలవంతమూ బుజ్జగింపూ లేకుండా రాసుకుంటున్న వీలునామా ఇది. నా మతి సరిగా ఉందని ఇద్దరు డాక్టర్ల దగ్గర సర్టిఫికెట్లు తీసుకుని జతపరిచాను. ఒకటి చాలన్నాడు లాయరు. ఒక డాక్టరును కొనవచ్చు, ఇద్దరిని కొనడం కష్టమని నేనే రెండోది తీసుకున్నాను. ఆ లాయరు తయారుచేసిన ముసాయిదాలో నా మాటలన్నీ తీసేసి తన మాటలు పెట్టాడు. ఎవరు చెబితే తీశాడో నాకు తెలియదు. అందుకని మొదటి నుంచి నా చేత్తోనే రాస్తున్నాను. ఇంతకు ముందు నేను రాసిన వీలునామాలు ఈ రోజు నుంచి చెల్లవు.

1. ఈ వీలునామాను అమలుపరిచే బాధ్యత ఆసుపత్రిలో నాతోపాటు ఫార్మసిస్టుగా చేసిన శైలజది. ఆమె నాకు బంధువు కాదు. ఆమెకు మా ఆయన కట్టిన బొమ్మ విమానాలంటే ఇష్టం లేదు, మా ఇంటి తగాదాలు వినే ఓపిక కూడా లేదు. ఈ మూడు కారణాల వల్లే ఆమెను ఎంచుకున్నాను. ఆ విమానాలున్న గాజు బీరువా తాళంచెవి నా మరణం తర్వాత ఆమె చేతికే ఇవ్వాలి. ఆమె రాకముందు బీరువా ఎవరు తెరిచినా, ఎంత ఏడుస్తూ తెరిచినా, అది దొంగతనమే.

2. ఇల్లు, అందులోని సామాను, బ్యాంకులో ఉన్నది, నా కూతురు గ్రేస్‌కు. ఇల్లు ఆమె పేరు మీదే ఉండాలి, అల్లుడి పేరు చేర్చకూడదు. అల్లుడు చెడ్డవాడని కాదు. మామగారు పోయిన నెలకే ఒక్కో విమానం ఇంటర్నెట్‌లో ఎంత పలుకుతుందో చూశాడు. నేను వెనకే నిలబడి ఉన్నానని అతనికి తెలియదు. అతనికి అటక మీద ఉన్న ఖాళీ కిట్టు డబ్బాలన్నీ రాస్తున్నాను. వాటి మీద విమానాల బొమ్మలు చాలా బాగుంటాయి.

3. ఇక విమానాల సంగతి. చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. నా భర్త ఎయిర్‌ఫోర్సులో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టరు. పెద్ద విమానాల రెక్కలకు, పొట్టలకు ఇరవై ఏళ్ళు మరమ్మతు చేసి ఇంటికొచ్చాక, ప్లాస్టిక్ కిట్లు తెప్పించుకుని అవే విమానాలు అరచేతిలో పట్టేంత కట్టేవాడు. అసలు విమానంలో డెబ్బై రెండో వంతు. ముక్కలు కోయడం, ఉప్పుకాగితంతో రాచడం, అంటించడం, రంగు వేయడం ఆయన పని. చివర్లో నీళ్ళలో నానబెట్టి జార్చి అంటించే గుర్తులు ఉంటాయి. కాషాయం, తెలుపు, ఆకుపచ్చ చక్రాలు, తోక మీద జెండా, నంబర్లు. ఆయన మొరటు వేళ్ళకు అవి చిరిగిపోయేవి. పసిబిడ్డలకు సూదులు వేసిన చేతులు కదా అని ఆ పని నాకిచ్చాడు. మేమిద్దరం మాట్లాడుకోకుండా కూర్చున్న వేళలన్నీ ఆ పని చేసే బల్ల దగ్గరే.

ఆయన స్వయంగా రంగు వేసిన విమానాలు గాజు బీరువాలో పై రెండు అరల్లో ఉన్నాయి. అవి గ్రేస్‌కు. పైలట్ కూర్చునే చోటి అద్దం చుట్టూ చట్రం గీతలు వాటికి కొంచెం లావుగా ఉంటాయి. ఆయన చెయ్యి అంతే. బెంగళూరు నుంచి వచ్చిన ఒక క్లబ్బు మనిషి ఆ గీతలు చూసి నవ్వాడు, నవ్వుతూనే అన్నీ తనకిచ్చేయమన్నాడు. తాను నవ్విన సరుకునే అడిగేవాడి మీద నాకు నమ్మకం లేదు. అతనికి ఒక్కటి కూడా పోకూడదు.

4. పూలమ్మే మారక్కకు నా ధర్మవరం పట్టుచీరల్లో వంకాయ రంగుది. ఎందుకో రాయాలి.

చివరి మూడేళ్ళు నా భర్త ప్రతి శనివారం ధర్మవరంలో మాజీ సైనికుల సంఘం మీటింగు ఉందని పొద్దున రైలుకు పోయేవాడు. టిఫిన్ క్యారియర్ తీసుకునేవాడు, రంగు వేయాల్సిన విమానాన్ని అట్టపెట్టెలో పెట్టుకుని పోయేవాడు. అక్కడి స్నేహితులకు చూపిస్తానని చెప్పేవాడు. వచ్చేటప్పుడు విమానానికి రంగు పడి ఉండేది. ఆ అద్దం చట్రం గీతలు వెంట్రుకంత సన్నగా ఉండేవి. అది మా ఆయన చెయ్యి కాదు. టిఫిన్ క్యారియర్ నేను తోమిన దానికన్నా తెల్లగా తోమి ఉండేది. రాత్రి అన్నం పెడితే సగం వదిలేసేవాడు. అన్నిటికన్నా నన్ను కోసింది ఇంకొకటి. నాతో మాట్లాడేటప్పుడు నా మొహంలోకి చూడడం మానేశాడు. నా చెవి వైపో, భుజం వైపో చూస్తూ మాట్లాడేవాడు. తప్పు చేసిన మగవాళ్ళు అట్లాగే చూస్తారని ఎవరైనా చెబుతారు.

రైల్లో పూలబుట్టతో తిరిగే మారక్కను ఒకరోజు అడిగాను. "మీ ఆయప్ప పెనుకొండలోనే దిగతాండాడు గదమ్మా. ధర్మవరం యాడ పోతాండాడు?" అంది. "దిగి?" అన్నాను. "ఎవురో ఆటోలో వచ్చి చెయ్యి పట్టుకోని తీసకపోతారు. మొగమనిషో ఆడమనిషో నేను చూళ్ళేదు తల్లీ, నా బేరం నాది" అంది. నాకు చెప్పిన మాట రైల్లో అందరికీ చెప్పిందని కూడా నాకు తెలుసు. నిజం చెప్పినందుకు రెండు చీరలు ఇవ్వాల్సింది, ఊరంతా చెప్పినందుకు ఒకటి తగ్గించాను.

ఆయన్ను నేను ఏమీ అడగలేదు. అడిగితే అబద్ధం చెబుతాడు, ఆ అబద్ధం విన్నాక ఒకే ఇంట్లో ఉండలేను అనుకున్నాను. పెనుకొండలో ఎవరో ఉన్నారని, ఆమె నాకన్నా సన్నగా గీత గీయగలదని, మూడేళ్ళు మనసులో పెట్టుకుని ఆమె రంగు వేసిన విమానాల మీద చక్రాలు అంటించాను. ఒక్కటీ వంకర పోనివ్వలేదు.

5. ఆయన టిఫిన్ క్యారియర్ పెనుకొండలో ఉన్న నా తోటికోడలు సుజాతకు.

నిరుడు ఫిబ్రవరిలో ఒక శనివారం ఆయన పెనుకొండ పోయి వచ్చాడు. పెట్టెలో మిగ్ విమానం ఉంది, రంగు ఇంకా వేలికి అంటుకుంటోంది. సోమవారం తెల్లవారేసరికి ఆయన గుండె ఆగిపోయింది. మట్టి ఇచ్చేటప్పుడు ఆయన తమ్ముడు సాల్మన్ వచ్చాడు. నా ఇంటి గడప తొక్కవద్దని నేను ఎప్పుడో చెప్పిన మనిషి. ఆ కారణం కింద రాస్తాను. సమాధిలో మట్టి వేయడానికి చెయ్యి చాపితే అతని గోళ్ళ కింద రంగు కనబడింది. లేత బూడిదరంగు. అది సీసాలో దొరికే రంగు కాదు. తెలుపులో నలుపు కలిపి, ఆపైన నీలం ఒక బొట్టు వేసి మా ఆయన మాత్రమే కలిపే రంగు. పాస్టరు ప్రార్థన చేస్తున్నాడు. నేను సాల్మన్ గోళ్ళు చూస్తున్నాను.

వారం తిరగకుండా పెనుకొండ రైలెక్కాను. సాల్మన్ ఒకప్పుడు లారీలకు, షాపు బోర్డులకు అక్షరాలు రాసేవాడు. స్టిక్కర్లు వచ్చి ఆ పని పోయింది. అతని ఇంటి వరండాలో రెండు కుర్చీలు, మధ్యలో బల్ల, బల్ల మీద మా ఆయన కలిపిన రంగు మూత పెట్టి ఉంది. నేను కూర్చోలేదు.

"అన్నకు నడిమధ్య కనపడదు వదినా" అన్నాడు సాల్మన్. "చుట్టూరా కనపడతాది. యాడ చూస్తే ఆడ మాత్రం మసక. షుగరుకు కండ్లు అట్లయినాయంట. నీ మొగం సూడల్లంటే పక్కకు సూడల్ల, అప్పుడే కొంచిం కనపడతాదని చెప్పె."

నేను నర్సును. షుగరు పేషెంట్లను ఎంతమందిని కంటి పరీక్షకు పంపానో లెక్క లేదు. ఈయనకు రోజూ ఇన్సులిన్ వేసింది నేనే. ఏటా కంటి పరీక్షకు పొమ్మంటే "పోయొచ్చినా, కండ్లు బాగుండాయి" అనేవాడు. ఆ మనిషి చెప్పిన మాటల్లో నేను నమ్మింది అదొక్కటే.

"నాకెందుకు చెప్పలేదు?" అని అడిగాను. "చెప్పొద్దన్న్యాడు వదినా. ఆయమ్మకు తెలిస్తే నన్ను ఒక్కన్నే రైలెక్కనియ్యదురా, రైలెక్కకుంటే నీ దగ్గరికి ఎట్లొచ్చేది అన్న్యాడు."

నిజమే, ఎక్కనిచ్చేదాన్ని కాదు. సాల్మన్ దగ్గరికైతే అసలే పంపేదాన్ని కాదు. అన్న, పక్కన కూర్చుని విమానాన్ని వేళ్ళతో తడుముతూ, ఈడ నూనె మూత ఉండాది, దాని చుట్టూ ఎర్ర గీత, ఈడ కాలు పెట్టొద్దని రాసింటారు అని చెబుతుంటే తమ్ముడు కుంచె పట్టేవాడట. మధ్యాహ్నం సుజాత బొరుగుల ఉగ్గాని పెట్టేదట, ఒక్కోసారి తీపి ఓళిగలు. క్యారియర్ తోమి పంపింది ఆమే. మూడేళ్ళు నేను ద్వేషించిన ఆడమనిషి ఆమే అయింది. అందుకే క్యారియర్ ఆమెకు. అది వాడుకోవాలి, ఊరికే దాచిపెట్టకూడదు.

ఆయన మీద నాకు కోపం వచ్చింది. ఈ వీలునామా రాసే నాటికి కూడా పోలేదు. చనిపోయినవాళ్ళ మీద కోపం ఎవరికి రాసివ్వాలో చట్టంలో లేదు కాబట్టి అది నాతోనే పోతుంది.

6. గాజు బీరువాలో కింది అర విమానాలు, అంటే చట్రం గీతలు సన్నగా ఉన్నవి, మిగ్‌తో సహా, సాల్మన్‌కు. వాటిని శైలజ ఎదుట, ఆమె చూస్తుండగా తీసుకోవాలి. పై అరల్లోవి చేతితో ముట్టకూడదు.

ఇక నాట్ అనే చిన్న యుద్ధవిమానం. నేను మొట్టమొదట చక్రాలు అంటించిన విమానం అది. గ్రేస్ ఇంటర్ చదువుతున్నప్పుడు ఒక క్రిస్మస్‌కు సాల్మన్ కుటుంబం మా ఇంటికి వచ్చిపోయాక అది బీరువాలో లేదు. అడిగితే సాల్మన్ "అన్ననడుగు వదినా" అన్నాడు. మా ఆయన్ను అడిగితే గోడ వైపు చూసి "పోనీలే" అన్నాడు. ఎవరూ ఏమీ చెప్పని ఇంట్లో నేను చెప్పాల్సి వచ్చింది. సాల్మన్‌ను మళ్ళీ రావద్దన్నాను.

పెనుకొండలో ఆ ఇంట్లో టీవీ పక్కన అది కనబడింది. దుమ్ము లేదు. చక్రాలు నేను పెట్టినచోటే ఉన్నాయి. "అన్నే ఇచ్చినాడు" అన్నాడు సాల్మన్. "నువ్వు అంటించిన మొదటిదని తెలీక ఇచ్చేసినాడు. తెలిసినాక నీతో చెప్పేకి ధైర్యం రాలేదంట." అయి ఉండవచ్చు. కాకపోవచ్చు. అవునని చెప్పగలిగిన మనిషి సమాధిలో ఉన్నాడు, చెబుతున్న మనిషికి అది లాభం. నేను ఎంత ఆలోచించినా ఇంతకు మించి తేలలేదు.

కనుక ఇట్లా రాస్తున్నాను. ఆ విమానంలో నా భర్త వాటా ఆయన ఇచ్చాడో లేదో ఆయనకే తెలుసు. నా వాటా మాత్రం నేను సాల్మన్‌కు ఇస్తున్నాను. ఈ రోజు నుంచి దాన్ని గురించి అతన్ని ఎవరూ ఏమీ అడగకూడదు, నాతో సహా.

7. భూతద్దం ఉన్న బల్ల దీపం శైలజకు. మందు సీసాల మీద గడువు తేదీలు చదవలేక ఇబ్బంది పడుతోంది, ఒప్పుకోదు.

8. మారుత్ విమానం. ఇది బెంగళూరులో మనవాళ్ళే కట్టిన యుద్ధవిమానం. నా భర్తకు దాని మీద పని చేసే అవకాశం రాలేదు, ఎప్పుడూ దాని గురించే చెప్పేవాడు. ముక్కలన్నీ అంటించి, రంగు వేయకుండా పోయాడు. తర్వాతి శనివారం పెనుకొండ తీసుకుపోవాల్సింది అదే.

రంగు వేయడానికి సాల్మన్‌ను మా ఇంటికే రమ్మన్నాను. విమానం పెనుకొండకు పంపే ఉద్దేశం నాకు లేదు. గురువారం గురువారం వచ్చేవాడు. నేను ఎదురుగా కూర్చునేదాన్ని, బీరువా తాళంచెవి నా నడుముకే ఉండేది. అతను దాన్ని చూశాడు, కుంచె అందుకున్నాడు.

మొదటి రోజు విమానాన్ని తలకిందులు చేసి ఉప్పుకాగితం తీశాడు. పొట్ట మీద, రెండు సగాలు కలిసే చోట, ప్లాస్టిక్‌లో ఒక బొటనవేలి ముద్ర దిగి ఉంది. కరిగిన గమ్ములో వేలు పడితే అట్లా అచ్చు పడుతుంది. చూపు ఉన్న రోజుల్లో మా ఆయన అది ఒక్క నిమిషం కూడా ఉంచేవాడు కాదు, రాచి నున్నగా చేసేవాడు. ఆ ముద్ర నేను ఆయన బతికుండగానే చూశాను. "ఏందిది, చిన్నపిల్లోళ్ళ మాదిరి" అన్నాను. ఆయన నా భుజం వైపు చూస్తూ "రుద్దుతాలే" అన్నాడు. పనిలో శ్రద్ధ పోయింది, మనసు ఎక్కడో ఉందని అనుకున్నాను.

"రుద్దొద్దు" అన్నాను సాల్మన్‌తో. "గీత కనపడతాది వదినా, పని చెడిపోయినట్లుంటాది" అన్నాడు. మళ్ళీ దీపం కిందికి వంచి చూశాడు. చాలాసేపు చూశాడు. ఉప్పుకాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అక్కడ రంగు బాగా పలచన చేసి, ఒక్క పూతే వేశాడు. అతను పోయాక భూతద్దం పెట్టి చూశాను. వేలి గీతలన్నీ ఉన్నాయి, ఒక్కటీ పూడిపోలేదు. చక్రాలు నేను అంటించాను.

ఈ మారుత్ విమానం గ్రేస్‌కు. దాన్ని అమ్మకూడదు, నాతోపాటు సమాధిలో పెట్టకూడదు, ఎవరు ఎంత బాగా చేస్తానన్నా పొట్టను రాచి నున్నగా చేయించకూడదు. బల్ల మీద తలకిందులుగానే పెట్టుకోవాలి. చూసినవాళ్ళు విరిగిందేమో అనుకుంటే అనుకోనీ, వాళ్ళకు చెప్పాల్సిన పని లేదు. గ్రేస్ తన బొటనవేలు ఆ ముద్రలో పెట్టి చూసుకోవచ్చు. నేను పెట్టి చూశాను. నాది చిన్నది.

పైన రాసినదంతా నేనే చదివి, సరిచూసి, ప్రతి పేజీ కింద సంతకం చేశాను. సంతకం లేని పేజీ ఏదైనా మధ్యలో కనబడితే అది నాది కాదు. సాక్షులిద్దరికీ ఇందులో ఏమీ దక్కదని వాళ్ళకు ముందే చెప్పాను. అయినా వచ్చారు.

హిందూపురం,
2025 నవంబరు 20, గురువారం.

(సంతకం) ప్రేమలత

సాక్షులు:
1. నరసింహ, మా వీధిలో మెడికల్ షాపు, హిందూపురం.
2. గంగాదేవి, రిటైర్డ్ టీచరు, పరిగి.